పాత రేడియోకు కావలసింది కవులా, కండెన్సర్లా?

ఈ మధ్య మన పత్రికల్లో పాత రేడియోలను గురించి కవితలూ జ్ఞాపకాలూ తెగ వస్తున్నాయి. తాతగారి మర్ఫీ రేడియో, అందులో పొద్దున్నే వినిపించిన వార్తలు, ఆకుపచ్చగా వెలిగే మేజిక్ కన్ను, పైన అమ్మ కుట్టి పరిచిన అల్లిక గుడ్డ, ఇవన్నీ ఏకరువు పెట్టి, చివర ఒక నిట్టూర్పు విడిచి, ఆ రోజులు మళ్లీ రావని ముగిస్తారు. ఇలాంటివి ఎన్ని చదివానో లెక్కపెట్టలేదు గాని ఒక సంగతి మాత్రం గమనించాను. వీటిలో ఒక్కదానిలోనూ ఆ రేడియో ఎందుకు మూగబోయిందో లేదు. లోపల ఏ భాగం చెడిందో, ఆ భాగం ఎందుకు దొరకలేదో, దొరక్కుండా చేసిందెవరో కవిగారికి అక్కర్లేదు. రేడియో చచ్చిపోతేనే ఆయనకు కవిత. ఎవరైనా దాన్ని బాగుచేసి పాడించారంటే ఆయన సరుకు పోయినట్టే.

నిట్టూర్పులు విడిచే హక్కు ఎవరికైనా ఉంది. ఆ హక్కును కాదనటానికి నేను ఈ వ్యాసం రాయటం లేదు. అభ్యుదయ రచయితలమని చెప్పుకునేవాళ్లు కూడా ఈ నిట్టూర్పునే సాహిత్యమనుకోవటం, ఒక వస్తువు ఎందుకు పనికిరాకుండా పోయిందన్న ప్రశ్న వచ్చేసరికి "కాలధర్మం" అని చేతులు దులుపుకోవటం నాకు నచ్చలేదు. కరువు కాలధర్మం కాదని, అప్పు తలరాత కాదని, పేదరికం పూర్వజన్మ ఫలం కాదని నేర్పింది మన సాహిత్యోద్యమమే కదా. మరి కండెన్సరు దొరక్కపోవటం మాత్రం కాలధర్మం ఎట్లా అయింది?

నేనుండేది దమ్మపేటలో. ఖమ్మం మైదానం ఎక్కడ అయిపోతుందో, భద్రాచలం అడవి ఎక్కడ మొదలవుతుందో చెప్పటం కష్టమైన చోటు ఇది. 2016 అక్టోబరు దాకా ఖమ్మం జిల్లా, ఆ తరవాత భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. ఇటు పామాయిల్ తోటలు, అప్పారావుపేటలో ఆ గెలలు పిండే ఫ్యాక్టరీ. అటు కోయ గూడేలు, పూసుకుంట లాంటి కొండరెడ్ల పల్లెలు. కాస్త ముందుకుపోతే ఆంధ్రప్రదేశ్. ఇలాంటి ఊళ్లో ఒక రిపేరు కొట్టు ఉంది. బోర్డు మీద "రేడియో, టీవీ, టేపురికార్డరు" అని ఇప్పటికీ ఉంది గాని, యజమాని పొట్ట గడుస్తున్నది మిక్సీలతోనూ, టేబుల్ ఫ్యాన్లతోనూ, హోం థియేటర్లతోనూ. వెనక అలమారాలో మాత్రం పాత సెట్లు దుమ్ము పట్టి వరసగా కూర్చుని ఉన్నాయి. ఒక్కొక్కదానికీ ఒక చీటీ కట్టి ఉంది. సొంతదారు పేరు, దానికింద కావలసిన భాగం. కొన్ని చీటీల మీది సిరా వెలిసిపోయింది.

"పని రాక కాదు సారూ, పార్టు లేక" అంటాడు అతను.

ఈ మాట నిజమా కాదా అని విచారించటం అవసరం. ఎందుకంటే "పార్టు దొరకదు" అనే ఒక్కమాట కింద ఒకదానికొకటి సంబంధం లేని సంగతులు చాలా దాక్కుని ఉన్నాయి. వాటిని విడదీసి చూడకపోవటం వల్లనే కాలధర్మం అనే మూఢనమ్మకం ఇంత హాయిగా బతుకుతోంది.

మొదట వాల్వు రేడియో సంగతి. వాల్వు పోయినందుకు నేను ఏడవను. వాల్వు సెట్టుకు కరెంటు కావాలి, లేకపోతే బరువైన బ్యాటరీ కావాలి. అందువల్ల అది ఊళ్లో దొరల ఇళ్లకూ, కరణాల ఇళ్లకూ, పంచాయతీ ఆఫీసుకూ పరిమితమైంది. నాలుగు టార్చిలైటు సెల్లులతో పాడే ట్రాన్సిస్టరు వచ్చాకనే రేడియో పాలేరు భుజానికెక్కింది, పశువుల వెంట అడవిలోకి పోయింది. ఇది అభివృద్ధి. కాదన్నవాడు చరిత్ర తెలియనివాడు. తాతగారి మర్ఫీని తలుచుకుని కన్నీరు పెట్టే కవికి, ఆ మర్ఫీ ఉన్న ఇంటి అరుగు మీద కూర్చునే హక్కు ఊళ్లో ఎవరికి లేదో గుర్తు రాదు. అందుకే అంటున్నాను, ఈ జ్ఞాపకాల సాహిత్యంలో చాలా భాగం అరుగు మీది సాహిత్యమే.

కాని వాల్వులు ప్రపంచంలో తయారవటం మానలేదన్న సంగతి చూడండి. రష్యాలోని సరతోవ్‌లో, స్లొవేకియాలో, చైనాలో ఇప్పటికీ వాల్వులు చేస్తున్నారు. 2022 మార్చిలో రష్యా ఎగుమతులు ఆపుతుందన్న వార్త రాగానే అమెరికాలో గిటారు వాయించేవాళ్లు గగ్గోలు పెట్టారు. ఎందుకంటే గిటారు ఆంప్లిఫయర్లలో వాడేది ఇఎల్ 84, ఇసిసి 83 లాంటి వాల్వులే. అవి కొత్తవి కావాలంటే డబ్బు పెడితే దొరుకుతాయి. దొరకనివి రేడియో స్టేషన్ను పట్టుకునే వాల్వులు, అంటే ఇసిహెచ్ 81, ఇబిఎఫ్ 89 లాంటివి. ఆ మేజిక్ కన్ను ఇఎం 84 కూడా అంతే. పాతకాలపు నిల్వల్లోంచి తీసి అమ్మేవే తప్ప కొత్తవి రావు. గాజుగొట్టంలో గాలి లాగేసి, లోపల తీగలు అమర్చే విద్య రెండింటికీ ఒకటే. ఇఎల్ 84 చేసే చేతికి ఇసిహెచ్ 81 చేతకాదా? చేతనవుతుంది. అయితే మొదటిదాన్ని కొనేవాడు కాలిఫోర్నియాలో ఉన్నాడు, రెండోది కావలసినవాడు దమ్మపేటలో ఉన్నాడు. ఫ్యాక్టరీ కదిలేది అవసరాన్ని చూసి కాదు, కొనుగోలు శక్తిని చూసి. అర్థశాస్త్రంలో ఇది మొదటి పాఠం. మన వ్యాసకర్తలు దీన్ని ధాన్యానికీ బట్టకూ అన్వయిస్తారు గాని రేడియో దగ్గరికి వచ్చేసరికి మరిచిపోతారు.

ఈ వాల్వులు మన దేశంలో తయారు కాలేదా అంటే, అయ్యాయి. 1954లో బెంగుళూరులో ప్రభుత్వం స్థాపించిన భారత్ ఎలక్ట్రానిక్స్ 1961లో రిసీవింగ్ వాల్వుల తయారీ మొదలుపెట్టింది, 1962లో జెర్మేనియం సెమికండక్టర్లు చేసింది. హైదరాబాదులో 1967లో ఇసిఐఎల్ వచ్చింది. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాలకు ఉపగ్రహం ద్వారా టెలివిజన్ చూపించిన ప్రయోగానికి నేరుగా సంకేతాన్ని అందుకునే సెట్లు చేసి ఇచ్చింది ఈ ఇసిఐఎలే. ఇసి టీవీ అన్నది ఒకప్పుడు తెలుగు ఇళ్లలో ఇంటిపేరు లాంటిది. వీటిని పొగడటానికి చెప్పటం లేదు. ప్రభుత్వ రంగంలో జరిగిన తప్పులూ, ఆలస్యాలూ, అధికారుల జులుమూ నాకు తెలియనివి కావు. కాని సెట్టు చేసినవాడే భాగాలూ చేస్తున్నప్పుడు, ఆ చేసినవాడు ప్రజలకు ఎంతో కొంత జవాబుదారీగా ఉన్నప్పుడు, రిపేరు అనేది ఒక చదువుగా నిలబడింది. ఐటిఐల్లో రేడియో, టీవీ మెకానిక్కు అనే ట్రేడు ఉండేది. సెట్టు లోపల ఏ వాల్వు ఏ సాకెట్లో పెట్టాలో చూపించే బొమ్మ కాగితం అంటించి ఉండేది. కంపెనీలు డీలర్లకు సర్క్యూట్ పటాలు పంపేవి. తయారుచేసినవాడికీ బాగుచేసేవాడికీ మధ్య ఒక ఒప్పందం ఉండేది. రాతపూర్వకం కాకపోయినా ఉండేది.

ఆ ఒప్పందం తెగింది. 1997లో మన దేశం ప్రపంచ వాణిజ్య సంస్థ సమాచార సాంకేతిక ఒప్పందంలో చేరి, అందులోని సరుకుల మీద దిగుమతి సుంకాన్ని 2005 నాటికి సున్నా చేస్తానని ఒప్పుకుంది. కంప్యూటర్లు చవక అయ్యాయి. నిజమే, అది మంచిదే. కాని చిన్నచిన్న భాగాలు చేసుకునే మన ఫ్యాక్టరీలు ఆ దెబ్బకు నిలవలేకపోయాయి. పిక్చర్ ట్యూబుల సంగతి వేరు. ప్రపంచం పలక టీవీల వైపు పోయింది గనక 2010ల తరవాత ఆ ఫ్యాక్టరీలు మూతపడటం ఎవరి కుట్రా కాదు. దేన్ని కుట్ర అనాలో, దేన్ని అనగూడదో తెలుసుకోకుండా ప్రతిదాన్నీ సామ్రాజ్యవాద కుట్ర అనేవాళ్ల వల్ల అసలు కుట్రలు తప్పించుకుపోతున్నాయి.

అసలు కుట్ర కావాలంటే చరిత్రలో ఉంది. 1924లో జెనీవాలో ప్రపంచంలోని పెద్ద బల్బు కంపెనీలు సమావేశమై, బల్బు వెయ్యి గంటలకు మించి వెలగగూడదని నిర్ణయించాయి. అంతకుమించి వెలిగే బల్బు చేసిన సభ్యుడికి జరిమానా వేశాయి. ఫీబస్ అని దానికి పేరు. ఇంజనీర్లు తెలివినంతా వెచ్చించి బల్బును త్వరగా మాడేటట్టు చేశారన్నమాట. మన దేశంలోనే మరో సాక్ష్యం ఉంది. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల రూపాయల జరిమానా విధించింది. కారణం, విడిభాగాలనూ, లోపం పట్టే సాధనాలనూ బయటి మెకానిక్కులకు దొరకనివ్వకపోవటం. దాని మీద అప్పీళ్లు నడిచాయి, జరిమానా సంగతి పక్కన పెట్టండి. "భాగం దొరకదు" అనే మాట వెనక "దొరకనివ్వం" అనే మాట ఉండవచ్చునని ఒక ప్రభుత్వ సంస్థే విచారించి రాసింది. కారు విషయంలో అది నేరమైతే టేపురికార్డరు విషయంలో కాలధర్మమా?

ఎలక్ట్రానిక్ సరుకులో ఈ దొరకనివ్వకపోవటం ఎట్లా జరుగుతుందో కొంచెం వివరంగా చెప్పాలి. 1960లు, 70ల నాటి ట్రాన్సిస్టరు రేడియో తీసుకోండి. అందులో ఎసి 127, ఎసి 128, ఎఎఫ్ 115 లాంటి జెర్మేనియం ట్రాన్సిస్టర్లు ఉంటాయి. ఇవి ఇప్పుడు తయారవటం లేదు. పైగా ఎఎఫ్ 115 జాతిలో ఒక విచిత్రమైన జబ్బు ఉంది. డబ్బా లోపలి తగరం నుంచి కంటికి కనపడనంత సన్నని వెంట్రుకలు మొలిచి, తీగలకు తగిలి షార్టు చేస్తాయి. వాడకుండా పెట్టెలో దాచినా సరే చెడిపోతుంది. అయినా పరవాలేదు. తెలిసిన మెకానిక్కు సిలికాన్ ట్రాన్సిస్టరు పెట్టి, బయాస్ రెసిస్టెన్సు మార్చి రేడియోను పాడించగలడు. ఎండిపోయిన ఎలక్ట్రోలిటిక్ కండెన్సరుకు బదులు కొత్తది వేస్తాడు. వాల్వు సెట్టులో రెక్టిఫయరు వాల్వు పోతే రెండు డయోడ్లు కట్టి, వోల్టేజి పెరగకుండా ఒక రెసిస్టెన్సు కలుపుతాడు. కాగితపు కండెన్సరు లీకయిందంటే ఆలస్యం చెయ్యకుండా తీసేస్తాడు. ఎందుకంటే ఆ కాసు విలువ చెయ్యని కండెన్సరు పక్కనున్న ఖరీదైన ఔట్‌పుట్ వాల్వును మాడ్చి పారేస్తుంది. ఇదంతా ఎట్లా సాధ్యమయింది? లోపల ఏముందో తెలుసు గనక. భాగం మీద నంబరు ఉంది గనక. ఆ నంబరు ఏ దేశంలోనైనా అదే నంబరు గనక.

తరవాత వచ్చిన సరుకు చూడండి. కంపెనీ తనకోసం మాత్రమే చేయించుకున్న ఐసి. దాని మీద కంపెనీ వేసుకున్న సొంత నంబరు. కొన్నిటి మీద ఆ నంబరును గీకి పారేస్తారు. సర్క్యూట్ పటం రహస్యం. ఇప్పటి ఫోన్లలో మరీ ముందుకు పోయారు. ఒక ఫోన్లోంచి తీసిన అసలు భాగాన్నే ఇంకో ఫోన్లో పెడితే సాఫ్టువేరు ఒప్పుకోదు. 2024లో అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రం ఈ పద్ధతిని నిషేధిస్తూ చట్టం చెయ్యవలసి వచ్చింది. పాత రేడియో పాతది గనక బాగుపడటం లేదనుకుంటున్నాం మనం. తలకిందులు చేసి చూడండి. నలభయి యేళ్లనాటిది ఇంకా అంతో ఇంతో బాగుపడుతోంది. నాలుగేళ్లనాటిది అసలే బాగుపడదు. ఈ కొట్టులో నేను కళ్లారా చూసిన సత్యం ఇది. 1970ల ట్రాన్సిస్టరు పాడుతుండగా, నిన్నమొన్నటి స్పీకరు పెట్టె అదే బల్ల మీద శవమై పడి ఉంటుంది.

రెండు సంవత్సరాల కిందట నేను ఒక పేరున్న కంపెనీ సర్వీసు కేంద్రానికి వెళ్లి, వాళ్ల టేపు డెక్కుకు ఒక బెల్టు అడిగాను. బెల్టు అంటే గుండ్రటి రబ్బరు ముక్క. అక్కడి కుర్రవాడు మర్యాదగానే మాట్లాడాడు. తన తెరలో వెతికి, ఆ మోడలు తమ జాబితాలో లేదన్నాడు. ఎప్పుడైనా ఉండేదా అంటే, "అట్లాంటి మోడలు మేము చేసినట్టు లేదండీ" అన్నాడు. ముందు పలక మీద వాళ్ల కంపెనీ పేరు ఇత్తడి అక్షరాల్లో ఉంది. పాతది ఇచ్చి కొత్త స్పీకరు తీసుకుంటే ధర తగ్గిస్తామన్నాడు.

ఆ బెల్టు నాకెందుకో చెప్పాలి. మేము, అంటే నేనూ మరిద్దరు ఉపాధ్యాయులూ, 1980లలో ఈ చుట్టుపక్కల గూడేలు తిరిగి పెద్దవాళ్ల చేత మాట్లాడించి, పాడించి కేసెట్ల మీద ఎక్కించాం. ట్రంకు పెట్టెడు కేసెట్లు ఉన్నాయి. భూమి పండుగ పాటలు, రేలా పాటలు ఉన్నాయి. 1946 నుంచి 51 దాకా సాగిన తెలంగాణా పోరాటం తమ గూడేల్లోకి ఎట్లా వచ్చిందో, దళాలకు అన్నం ఎవరు పెట్టారో, క్యాంపు పోలీసులు ఏం చేశారో చెప్పిన ముసలివాళ్ల గొంతులు ఉన్నాయి. ఆ గొంతుల సొంతదారులు ఇప్పుడు లేరు. కోయ భాషలో రాతకెక్కింది చాలా తక్కువ. నాయకులు తమ అనుభవాలు పుస్తకాలుగా రాసుకున్నారు. మంచిదే. అన్నం పెట్టిన ముసలమ్మ పుస్తకం రాయలేదు. ఆమె పుస్తకం ఆ కేసెట్టే.

కేసెట్టు చదవాలంటే యంత్రం కావాలి. మోటారు నుంచి క్యాప్‌స్టన్‌కు బలం తెచ్చే రబ్బరు బెల్టు ఏళ్లు గడిచేసరికి కరిగి తారులాగా కారిపోతుంది. పించ్ రోలరు గట్టిపడి టేపును జార్చేస్తుంది, లేకపోతే నమిలేస్తుంది. హెడ్డు అరిగిపోతుంది. బెల్టుకు బదులు ఏదో రబ్బరు రింగు వేస్తే సాగుతుంది, వేగం నిలవదు. టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్ల చొప్పున కచ్చితంగా నడవాలి. అట్లా నడవకపోతే ముసలమ్మ గొంతు చిన్నపిల్ల గొంతు అవుతుంది, పాట ఊగిసలాడుతుంది. నూలుపోగంత తేడాను చెవి పట్టేస్తుంది. హైదరాబాదు కోఠీలోని గుజరాతీ గల్లీ అంతా తిరిగాం. రాత్రి బస్సెక్కి పోయి, పగలంతా తిరిగి, మళ్లీ రాత్రి బస్సులో వచ్చాం. ఒక ముసలి వ్యాపారి డబ్బాలోంచి బెల్టుల గుత్తి తీసి చూపించాడు. అన్నీ ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి. అప్పటికే చచ్చిన సరుకు. చెన్నై రిచీ స్ట్రీట్‌లో దొరకవచ్చునన్నాడు.

ఇది దమ్మపేట గోడు మాత్రమే అనుకోకండి. 2019లో యునెస్కో, ధ్వని భాండాగారాల అంతర్జాతీయ సంఘం కలిసి ప్రపంచానికి ఒక హెచ్చరిక చేశాయి. టేపులు చదివే యంత్రాలూ, వాటి విడిభాగాలూ, వాటిని బాగుచేసే మనుషులూ కరువవుతున్నారు గనక, 2025 ప్రాంతానికి టేపుల మీద ఉన్నదాన్ని బయటికి తీయటం దాదాపు అసాధ్యం కావచ్చునని దాని సారాంశం. ఆ గడువు వచ్చింది, పోయింది. వీసీఆర్ల సంగతి చూస్తే, చివరిదాకా వాటిని తయారు చేసిన జపాను కంపెనీ ఫునాయ్ 2016 జులైలో ఆపేస్తూ చెప్పుకున్న కారణాల్లో భాగాలు దొరక్కపోవటం ఒకటి. చేసేవాడికే దొరకని భాగం బాగుచేసేవాడికి ఎట్లా దొరుకుతుంది?

మన పాత రేడియోలు ఎక్కడికి పోతున్నాయో కూడా చెప్పుకోవాలి. పాత సామానువాళ్లు ఊరూరా తిరిగి వాటిని కొంటున్నారు. కొన్ని తుక్కుకు పోతున్నాయి. బాగున్న చెక్క పెట్టెలు పట్నం పోయి, "వింటేజ్" అనే పేరుతో హోటళ్లలోనూ డబ్బున్నవాళ్ల హాళ్లలోనూ అలంకారంగా కూర్చుంటున్నాయి. కొన్నిటికి లోపలి సరంజామా అంతా పెరికేసి, నాలుగు వందల రూపాయల బ్లూటూత్ బోర్డు పెడుతున్నారు. మెకానిక్కు పదేళ్లు వెతికినా దొరకని గ్యాంగు కండెన్సరు, ఐఎఫ్ కాయిల్స్, ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు చెత్తబుట్టలోకి పోయాయి. బయట మర్ఫీ, లోపల ఏమీ లేదు. నాకు ఈ పెట్టెలను చూసినప్పుడల్లా మన జ్ఞాపకాల కవితలే గుర్తుకొస్తాయి. మాటలన్నీ పాత అభ్యుదయ సాహిత్యం నుంచి తెచ్చుకున్నవే, లోపల ప్రశ్న ఒక్కటి లేదు.

ఇక్కడ ఒక మిత్రుడు నాతో వాదించాడు. ఆయన మార్క్సిస్టు, చదువుకున్నవాడు. ఉత్పత్తి శక్తులు పెరిగేకొద్దీ పాత పనిముట్లు పోవటం చారిత్రక అనివార్యమని, పాత రేడియోల కోసం పోరాడటం మగ్గం కోసం మిల్లును తగలబెట్టటం లాంటిదని అన్నాడు. పైగా ఫోనులో అన్నీ వస్తుంటే రేడియో ఎందుకన్నాడు. ఈ వాదనలో బలమున్నట్టు కనిపిస్తుంది. కాని చారిత్రక అనివార్యత అనే మాటను మనవాళ్లు ఈ మధ్య విధి అనే మాటకు బదులుగా వాడుతున్నారు. ఉత్పత్తి శక్తుల్లో పనిముట్టు ఒక్కటే లేదు, దాన్ని వాడే మనిషి నేర్పు కూడా ఉంది. సర్క్యూట్ చదివి, లోపం ఎక్కడుందో ఊహించి, చేతిలో ఉన్న భాగంతో సర్దుబాటు చెయ్యగలిగిన మెకానిక్కు ఉత్పత్తి శక్తి. అతణ్ణి బోర్డు మార్చే కూలీగా, ఆ తరవాత పెట్టె మార్చే ఏజెంటుగా దిగజార్చటం ఉత్పత్తి శక్తుల పెరుగుదల ఎట్లా అవుతుంది? ఒకడి చేతిలో ఉన్న విద్యను లాక్కుని కంపెనీ తాళం కింద పెట్టటం అది.

ఫోనులో అన్నీ వస్తాయన్న మాట కూడా పట్నపు మాట. 1986లో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు వచ్చింది. 2022 జులైలో మళ్లీ 71.3 అడుగులకు వచ్చింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు. కరెంటూ, టవరూ రెండూ పోయిన రాత్రి సెల్లుల మీద పాడే ట్రాన్సిస్టరు చేసే పనిని ఏ ఫోనూ చెయ్యలేదు. స్టేషను వందమైళ్ల అవతల ఉన్నా దానికి ఫరవాలేదు.

ప్రభుత్వం ఏమీ చెయ్యటం లేదా అంటే, చేస్తున్నట్టు కనిపిస్తోంది. 2022 డిసెంబరు 24న "రిపేరు హక్కు" పేరుతో ఒక పోర్టల్ ప్రారంభించారు. వ్యవసాయ యంత్రాలు, ఫోన్లూ ఎలక్ట్రానిక్ సరుకులూ, ఇంటి వస్తువులు, వాహనాలు అందులోకి వస్తాయి. చట్టం మాత్రం లేదు. కంపెనీ ఇవ్వదలుచుకున్న సమాచారం కంపెనీ ఇస్తుంది. ఇవ్వకపోతే అడిగేవాడు లేడు. యూరపులో 2021 నుంచి ఫ్రిజ్‌లకు ఏడేళ్లు, బట్టలుతికే యంత్రాలకు పదేళ్లు ముఖ్యమైన విడిభాగాలు దొరకాలని నిబంధన ఉంది. మోడలు ఆఖరు సరుకు బజారులోకి వచ్చిన నాటి నుంచి ఈ లెక్క. మన దగ్గర అలాంటిది లేదు. అదీగాక ఈ హక్కు అంతా బతికున్న కంపెనీల సరుకు మీదనే. చేతులు మారిపోయిన కంపెనీ, మూతపడ్డ కంపెనీ చేసిన సరుకు గతేమిటి? ఆ కంపెనీల సర్క్యూట్ పటాలు, సర్వీసు పుస్తకాలు ఎవరి గోడౌన్లో చెదలు తింటున్నాయి?

ఇ-వ్యర్థాల నిబంధనలు మరో తమాషా. 2023 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చిన కొత్త నిబంధనల ప్రకారం, కంపెనీ ఇన్ని టన్నుల పాత సరుకును రీసైకిల్ చేయించినట్టు సర్టిఫికెట్లు చూపాలి. బాగుచేసి మళ్లీ వాడకంలోకి తేవటానికి కొంత చోటు లేకపోలేదు గాని, ప్రధానమైన కొలత బరువు. పాత టేపు డెక్కును పిండి చేస్తే అది ఇన్ని కిలోల ఇనుము, ఇన్ని గ్రాముల రాగి. అందులోని మంచి మోటారు, అరగని హెడ్డు ఏ లెక్కలోకీ రావు. తీగలు తగలబెట్టి, ఆసిడ్‌లో ముంచి బంగారం తీసే పాత పద్ధతిని నేను సమర్థించను. పిల్లల ఊపిరితిత్తులతో చేసే వ్యాపారం అది. కాని పాత సామాను కొట్టులో కూర్చుని ఓపికగా భాగాలు విప్పి, విడదీసి, డబ్బాల్లో పోసి మెకానిక్కుకు అమ్మేవాడు ఆ పని చెయ్యటం లేదు. అతనికి లైసెన్సు లేదు. పిండి చేసే ఫ్యాక్టరీకి ఉంది.

2021 డిసెంబరులో సెమికండక్టర్ల కోసం కేంద్రం 76,000 కోట్ల రూపాయల పథకం ప్రకటించింది. దేశంలో చిప్పులు తయారు కావలసిందే. నాకు అభ్యంతరం లేదు. అయితే ఆ పథకం చూపంతా రేపటి చిప్పు మీద. నిన్నటి సరుకును నిలబెట్టటానికి వేల కోట్లు అక్కర్లేదు. మూతపడ్డ, ఉత్పత్తి ఆపిన ప్రతి మోడలు సర్క్యూట్ పటమూ, సర్వీసు పుస్తకమూ ప్రజల ఆస్తి చెయ్యాలి. ఆపదలుచుకున్న కంపెనీ, ఆపే ముందు ఆ కాగితాలు అప్పజెప్పాలి. జిల్లాకొక ఐటిఐలో రబ్బరు బెల్టులూ, రోలర్లూ అచ్చుపోసే చిన్న యంత్రం పెట్టవచ్చు. మన మెకానిక్కు కొలతలు ఇస్తాడు. బరువు లెక్కలో, విప్పి దాచిన భాగానికి పిండి చేసినదానికన్నా ఎక్కువ విలువ కట్టాలి. టేపులు చదివే యంత్రాలు బాగున్న స్థితిలో ఆకాశవాణి కేంద్రాల్లోనో విశ్వవిద్యాలయాల్లోనో ఉంటే, వాటిని ప్రజలు తెచ్చిన కేసెట్ల కోసం వారానికి ఒక రోజైనా తెరవాలి. కొత్తగూడెంలో ఆకాశవాణి కేంద్రం ఉంది. దమ్మపేట నుంచి పొద్దున బయలుదేరితే సాయంత్రానికి తిరిగి రావచ్చు.

మన సంఘం సంగతి. ప్రతి మహాసభలోనూ సాహిత్యం మీదా, సంస్కృతి మీదా తీర్మానాలు చేస్తాం. గత యాభై యేళ్లలో మన సభల్లో ఎంతమంది మాట్లాడారు, ఎంతమంది బుర్రకథ చెప్పారు, ఎంతమంది పాడారు! వాటిని ఎవరో ఒకరు టేపు చేసే ఉంటారు. ఆ టేపులు ఎక్కడున్నాయి? నేను నాలుగు జిల్లాల మిత్రులకు ఉత్తరాలు రాసి అడిగాను. ఇద్దరు జవాబిచ్చారు. ఒకరు అటక మీద చూడాలన్నారు. రెండో ఆయన కేసెట్లు ఉన్నాయి గాని యంత్రం లేదు గనక ఇల్లు మారేటప్పుడు పారేశానన్నారు. ఆయన పాత రేడియో మీద రాసిన కవిత పోయిన సంచికలో ఒక పత్రికలో వచ్చింది.

కాబట్టి నా ప్రతిపాదన ఇది. వచ్చే మహాసభకు ప్రతి శాఖా తన దగ్గరున్న టేపుల జాబితా తేవాలి: ఏ సంవత్సరం, ఎవరి గొంతు, ఏ రకం టేపు, దాన్ని నడిపే యంత్రం ఉందా లేదా, ఉంటే అందులో ఏ భాగం చెడింది. అదే జాబితాలో మీ ఊరి రిపేరు మెకానిక్కు ఉన్నాడా, అతని వయసెంత, అతని దగ్గర పని నేర్చుకుంటున్నవాడెవడైనా ఉన్నాడా అన్నది కూడా రాయండి. దమ్మపేట జాబితా సిద్ధంగా ఉంది. చివరి ప్రశ్నకు మా జవాబు, లేడు.